ఓడ దిగని సరుకు



దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష మీద జరిగిన పోరాటం అనగానే మనకు నెల్సన్ మండేలా గుర్తుకొస్తారు. ఆయన జైల్లో గడిపిన 27 ఏళ్లు గుర్తుకొస్తాయి. ఆ పోరాటానికి అమెరికాలో వెన్నుదన్నుగా నిలబడిన మామూలు మనుషుల గురించి ఈ రోజు మాట్లాడాలని వచ్చాను. వీళ్లలో చాలామంది ఆఫ్రికా గడ్డ మీద ఎన్నడూ కాలు పెట్టలేదు. ఒకామె ఫ్యాక్టరీలో కెమిస్టు. ఒకాయన బార్బరు పని చేసి బతికి, శాసనసభకు ఎన్నికైనవాడు. కొందరు రేవులో సరుకు దించే కార్మికులు. వీళ్లందరికీ కావలసిన సమాచారం అందించిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన నెల్లూరు జిల్లా నుంచి వెళ్లిన తెలుగువాడు.

ఏడెనిమిది వేల మైళ్ల అవతల జరిగే అన్యాయానికి ఇక్కడ మన ఊళ్లో కూర్చుని ఏం చేయగలం? ఈ మాట ఎవరైనా అంటారు. వీళ్లు మాత్రం ఆ అన్యాయంతో మన ఊరికి సంబంధం ఎక్కడుందో చూద్దాం అని వెతికారు. వెతికిన ప్రతిచోటా దొరికింది.

మసాచుసెట్స్ రాష్ట్రంలో కేంబ్రిడ్జ్ అనే ఊరుంది. పోలరాయిడ్ కంపెనీ అక్కడిదే. ఫొటో తీసిన నిమిషానికల్లా బొమ్మ చేతికొచ్చే కెమెరాలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న కంపెనీ. కారొలైన్ హంటర్ అందులో కెమిస్టుగా పనిచేసేది. న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన నల్లజాతి యువతి. కెన్ విలియమ్స్ అదే కంపెనీలో ఫొటోగ్రాఫరు. 1970లో ఒక రోజు ఇద్దరూ మధ్యాహ్న భోజనానికి బయల్దేరుతుంటే నోటీసు బోర్డు మీద ఒక నమూనా గుర్తింపు కార్డు కనిపించింది. దాని మీదున్న ఫొటో తమతో పనిచేసే ఉద్యోగిదే. పక్కన మాత్రం గనుల శాఖ, దక్షిణాఫ్రికా రిపబ్లిక్ అని రాసి ఉంది.

మన కంపెనీకి దక్షిణాఫ్రికా గనుల శాఖతో పనేమిటి? ఇద్దరూ గ్రంథాలయానికి వెళ్లి పుస్తకాలు తిరగేశారు. అక్కడ వాళ్లకు తెలిసిన విషయం ఇది. దక్షిణాఫ్రికాలో 16 ఏళ్లు నిండిన ప్రతి ఆఫ్రికన్ ఎప్పుడూ తన దగ్గర ఒక పాస్ పుస్తకం ఉంచుకోవాలి. ఏ ఊళ్లో ఉండవచ్చు, ఎవరి దగ్గర పనిచేస్తున్నాడు, పన్ను కట్టాడా లేదా అన్నీ అందులో ఉంటాయి. వీధిలో పోలీసు అడిగినప్పుడు చూపించకపోతే, చూపించినా అందులో సరైన ముద్ర లేకపోతే, ఉన్నపళాన అరెస్టే. ఏటా లక్షల మందిని ఇలా పట్టుకునేవాళ్లు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో జనం పోలీసు స్టేషన్ దగ్గరికి వెళ్లింది ఈ పాస్ చట్టాలకు నిరసనగానే. పోలీసుల కాల్పుల్లో 69 మంది చనిపోయారు. ఆ పాస్ పుస్తకంలో అంటించే ఫొటోకు పోలరాయిడ్ ఫిల్ము వాడుతున్నారు. కంపెనీ దగ్గర ఐడి-2 అనే యంత్రం ఉండేది. నిమిషంలో గుర్తింపు ఫొటోలు తీసి కార్డు చేతికిస్తుంది. అది వేల మైళ్ల అవతల పోలీసు రాజ్యానికి పనికొస్తోందని ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకే తెలియదు.

అక్టోబరు మొదటి వారంలో ఫ్యాక్టరీ గోడల మీద, మరుగుదొడ్ల తలుపుల మీద కరపత్రాలు వెలిశాయి. పోలరాయిడ్ నల్లవాళ్లను అరవై సెకన్లలో ఖైదు చేస్తోందన్నది వాటి సారాంశం. ఇద్దరితో మొదలైన ఆ బృందం పోలరాయిడ్ విప్లవ కార్మికోద్యమం అని పేరు పెట్టుకుంది. మూడు కోరికలు ముందుంచారు. కంపెనీ దక్షిణాఫ్రికాను వదిలి రావాలి, వర్ణవివక్షను బాహాటంగా ఖండించాలి, అక్కడ సంపాదించిన లాభాలను విమోచనోద్యమాలకు ఇవ్వాలి. కంపెనీ 1971 జనవరిలో పత్రికల్లో పెద్ద పెద్ద ప్రకటనలు వేసి జవాబిచ్చింది. ప్రభుత్వానికి అమ్మడం ఆపేస్తాం, మా సరుకు అమ్మిపెట్టే అక్కడి సంస్థలో నల్లవాళ్ల జీతాలు పెంచుతాం, చదువులకు డబ్బిస్తాం, దేశం మాత్రం వదలం అని. దీన్ని ఒక ప్రయోగం అన్నారు. చాలామందికి అది సబబుగానే అనిపించింది. హంటర్, విలియమ్స్ మాత్రం ఒప్పుకోలేదు. వర్ణవివక్షను కాస్త మెత్తగా చేసి నడపడం కాదు తమకు కావలసింది, అది పోవడం అన్నది వాళ్ల పట్టు.

1971 ఫిబ్రవరిలో ఇద్దరూ న్యూయార్క్ వెళ్లి ఐక్యరాజ్యసమితి వర్ణవివక్ష వ్యతిరేక ప్రత్యేక సంఘం ముందు సాక్ష్యం చెప్పారు. ఆ నెలలోనే హంటర్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు. విలియమ్స్ అప్పటికే రాజీనామా చేశాడు. ఇరవై నాలుగేళ్ల వయసులో, మంచి జీతం వచ్చే ఉద్యోగం పోగొట్టుకుని ఆమె ఆ బహిష్కరణ ప్రచారం ఆరేళ్ల పైచిలుకు నడిపింది.

దాని ఫలితం చెప్పే ముందు ఆ ఐక్యరాజ్యసమితి సంఘం దగ్గర కాసేపు ఆగుదాం. ఒక ఫ్యాక్టరీ ఉద్యోగులను పిలిచి, కూర్చోబెట్టి, వాళ్ల మాటను అంతర్జాతీయ రికార్డులోకి ఎక్కించే ఏర్పాటు ఊరికే రాలేదు. ఆ సంఘానికి మొదటి కార్యదర్శి, ఆ తర్వాత ఐక్యరాజ్యసమితిలోని వర్ణవివక్ష వ్యతిరేక విభాగానికి ఏళ్ల తరబడి ఊపిరిగా ఉన్న మనిషి, ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. ప్రపంచానికి ఇ.ఎస్. రెడ్డి.

ఆయన 1924 జులై 1న నాటి నెల్లూరు జిల్లాలో గూడూరు ప్రాంతంలో పుట్టారు. తండ్రి అభ్రకం గనుల కంపెనీలో ఉద్యోగి. గాంధీజీ పిలుపు మీద సత్యాగ్రహం చేసి మూడు నెలలు జైలుకు వెళ్లినవారు. తల్లి తన నగలు తీసి హరిజన నిధికి ఇచ్చేశారు. ఇంటి వాతావరణం అలాంటిది. మద్రాసులో డిగ్రీ చేసి, పై చదువులకు 1946లో న్యూయార్క్ చేరారు. చదువు ఒక పక్క సాగుతుండగానే మాన్‌హాటన్‌లో ఒక చిన్న ఆఫీసుకు వెళ్లడం అలవాటైంది. అది ఆఫ్రికా వ్యవహారాల మండలి. నల్లజాతి గాయకుడు పాల్ రాబ్సన్ దానికి అధ్యక్షుడు. డ్యుబోయ్ వంటి మేధావి అందులో ఉన్నారు. రోజువారీ పని భుజాన వేసుకున్నవాడు అల్ఫియస్ హంటన్. దక్షిణాఫ్రికా పత్రికలు, కరపత్రాలు అక్కడ దొరికేవి.

ఆ మండలి పని పద్ధతి ఎలాంటిదో చూపించే సంగతి ఒకటుంది. దక్షిణాఫ్రికా తూర్పు ప్రాంతంలో కరువొచ్చి ఆఫ్రికన్లు ఆకలితో అలమటిస్తుంటే, 1946 జనవరిలో హార్లెమ్‌లోని అబిసీనియన్ బాప్టిస్టు చర్చిలో సభ పెట్టారు. రాబ్సన్ వచ్చారు, మహాగాయని మేరియన్ ఆండర్సన్ వచ్చారు. జనం చేతుల్లో తిండి డబ్బాలు పట్టుకుని వచ్చారు. హార్లెమ్‌లో అద్దె కట్టడానికే ఇబ్బందిపడే కుటుంబాలు తమ వంటింటి అల్మారాలో నుంచి తీసిన డబ్బాలవి. నాకు ఈ ఉద్యమ చరిత్ర మొత్తంలో ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది. పెద్ద పెద్ద చట్టాలు తర్వాత వచ్చాయి, మొదలు మాత్రం ఇక్కడ పడింది.

అదే ఏడాది భారతదేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం నిలిపేసింది. నాటల్‌లోని భారతీయుల మీద తెచ్చిన చట్టాల గురించి ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు పెట్టింది. నాటల్ అంటే మనకు పరాయి చోటు కాదు. 1860లో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడతో మొదలుపెట్టి, చెరకు తోటల్లో కూలికి వెళ్లినవారిలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. విజయలక్ష్మీ పండిత్ న్యూయార్క్‌లో ఈ ఫిర్యాదును వాదిస్తుంటే, దక్షిణాఫ్రికా నుంచి ఆఫ్రికన్ నాయకుడు డాక్టర్ జుమా, భారతీయుల తరఫున హెచ్.ఏ. నాయుడు, సొరాబ్జీ రుస్తుంజీ అక్కడికి చేరారు. నవంబరులో దక్షిణాఫ్రికా కాన్సులేటు ముందు ఆఫ్రికా వ్యవహారాల మండలి పికెటింగ్ చేసింది. ఆ వరసలో భారతీయ విద్యార్థులను వెంటబెట్టుకుని నిలబడ్డ యువకుడు మన శ్రీనివాసులు రెడ్డి. దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. ఆయనకు 22 ఏళ్లు.

ఆ మండలిని తర్వాత అమెరికా ప్రభుత్వం బతకనివ్వలేదు. రాబ్సన్ పాస్‌పోర్టు 1950లో లాక్కున్నారు. హంటన్ జైలుకు వెళ్లాడు. 1955లో తలుపులు మూతపడ్డాయి. అప్పటికే ఇంకో దీపం వెలిగింది. 1952లో దక్షిణాఫ్రికాలో చట్టధిక్కార ఉద్యమం మొదలైనప్పుడు జార్జ్ హౌసర్ అనే తెల్లజాతి మతబోధకుడు, గాంధీ మార్గం మీద నమ్మకం ఉన్నవాడు, న్యూయార్క్‌లో ఒక చిన్న సహాయ బృందం కట్టాడు. 1953లో అదే అమెరికన్ కమిటీ ఆన్ ఆఫ్రికా అయింది. కొద్దిమంది ఉద్యోగులు, ఎప్పుడూ చాలీచాలని డబ్బు. అయినా నలభై ఏళ్ల పాటు ఆఫ్రికా విమోచన నాయకులు న్యూయార్క్‌లో దిగితే మొదట తలుపు తట్టింది ఆ ఆఫీసుదే.

రెడ్డిగారు 1949లో ఐక్యరాజ్యసమితి ఉద్యోగంలో చేరారు. 1962 నవంబరులో సర్వప్రతినిధి సభ దక్షిణాఫ్రికా మీద ఆంక్షలు కోరుతూ తీర్మానం చేసి ప్రత్యేక సంఘాన్ని ఏర్పాటు చేసింది. అందులో సభ్యులుగా చేరడానికి పాశ్చాత్య దేశాలేవీ ముందుకు రాలేదు. పెట్టుబడులూ వాళ్లవే, వ్యాపారమూ వాళ్లదే. వాళ్లు లేని సంఘం చేతులు ఆడిస్తే ఎవరికి లెక్క? చాలామంది ఉద్యోగులు ఇక్కడ కాగితాలు సర్ది సరిపెట్టుకునేవాళ్లే. ఆయన దీన్ని మరోలా చూశారు. ప్రభుత్వాలు రాకపోతే ఆ దేశాల్లోని జనం దగ్గరికే వెళ్లవచ్చు. చర్చిలు, కార్మిక సంఘాలు, విద్యార్థులు, గాయకులు, ఆటగాళ్లు ఉన్నారు. 1963 జులైలో గాయని మిరియం మకేబా ఆ సంఘం ముందు మాట్లాడింది. అదే ఏడాది అక్టోబరులో మండేలా, ఆయన సహచరులపై రివోనియా కేసు విచారణ మొదలైంది. ఆ వెంటనే, అక్టోబరు 11న, రాజకీయ ఖైదీలను వదిలిపెట్టాలన్న తీర్మానం 106 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా పడ్డది ఒకే ఒక్క ఓటు, దక్షిణాఫ్రికాది. అమెరికా, బ్రిటన్ కూడా అనుకూలంగా చెయ్యెత్తక తప్పలేదు. ఆ తీర్మానం ముసాయిదా వెనక రెడ్డిగారి శ్రమ ఉంది. తర్వాతి జూన్‌లో ఆ నాయకులకు ఉరి తప్పి యావజ్జీవం పడింది. దానికి కారణాలు అనేకం. ప్రపంచం కళ్లు అటు ఉండటం వాటిలో ఒకటి.

ఇంకో పని గురించి చెప్పాలి. ఆయన విభాగం నుంచి నోట్స్ అండ్ డాక్యుమెంట్స్ పేరుతో చిన్న చిన్న పత్రాలు వెలువడేవి. ఏ కంపెనీ అక్కడ ఏం చేస్తోంది, ఏ బ్యాంకు ఎంత అప్పిచ్చింది, ఏ జైల్లో ఎవరున్నారు, అన్నీ ఉండేవి. ఏ విస్కాన్సిన్‌లోనో ఏ ఒహాయోలోనో చర్చి నేలమాళిగలో పదిమంది కూర్చుని సైక్లోస్టైల్ యంత్రం మీద కరపత్రం తీస్తున్నారంటే, అందులో పెట్టడానికి గట్టి సమాచారం కావాలి. అది ఉట్టి ఆవేశంతో తయారయ్యేది కాదు. ప్రపంచ సంస్థ ముద్రతో వచ్చిన కాగితం చేతిలో ఉంటే ఊళ్లో ఎవరూ కొట్టిపారేయలేరు. 1983 అక్టోబరులో దక్షిణాఫ్రికాకు వెళ్లి ప్రదర్శనలిచ్చిన కళాకారుల జాబితాను ప్రచురించడం మొదలుపెట్టింది కూడా ఆ విభాగమే. పేరు ఎక్కుతుందన్న వెరపుతోనే చాలామంది ప్రయాణాలు మానుకున్నారు.

ఇక రేవుల సంగతి. ఇది నేను కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే చరిత్ర పుస్తకాల్లో విద్యార్థులకు దక్కిన చోటు వీళ్లకు దక్కలేదు.

1971లో అమెరికా కాంగ్రెస్ ఒక సవరణ తెచ్చింది. దక్షిణాఫ్రికా పొరుగున ఉన్న రొడీషియా, అంటే నేటి జింబాబ్వే, తెల్ల ప్రభుత్వం మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన ఆంక్షలను పక్కనబెట్టి అక్కడి క్రోమియం ఖనిజాన్ని దిగుమతి చేసుకోవచ్చన్నది దాని సారం. 1972 మార్చిలో ఆ ఖనిజంతో ఒక ఓడ లూసియానాలో మిసిసిపీ నది ఒడ్డున బర్న్‌సైడ్ అనే చిన్న రేవుకు వచ్చింది. బాటన్ రూజ్‌లోని సదరన్ యూనివర్సిటీ నుంచి నల్లజాతి విద్యార్థులు వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డారు. రేవు కార్మికులు వాళ్లను దాటి వెళ్లడానికి నిరాకరించారు. అరెస్టులు జరిగాయి, సరుకు చివరికి దిగింది. అదే ఏడాది నవంబరులో అదే యూనివర్సిటీ ఆవరణలో, తమ సొంత హక్కుల కోసం నిరసన తెలుపుతున్న విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. రొడీషియా రాజధాని సాలిస్‌బరీలో, జోహానెస్‌బర్గ్‌లో జరిగేది ఆ పిల్లలకు పుస్తకాల్లో చదువుకునే విషయం కాదు. దాని మొహం వాళ్లకు ఇంటి దగ్గరే తెలుసు. ఆ క్రోమియం సవరణ 1977లో రద్దయింది.

శాన్ ఫ్రాన్సిస్కో రేవు కార్మికుల సంఘం లోకల్ 10. అందులో లియో రాబిన్సన్ అనే కార్మికుడు. 1976 జూన్‌లో సొవెటోలో బడిపిల్లల మీద కాల్పులు జరిగాక, సంఘంలోనే దక్షిణాఫ్రికా విమోచన సహాయ కమిటీని కట్టినవాళ్లలో ఒకడు. మందులు, బట్టలు సేకరించి ఓడల్లో విమోచనోద్యమాలకు పంపేవాళ్లు. 1984 అక్టోబరులో సంఘ సమావేశంలో రాబిన్సన్ ఒక డాక్యుమెంటరీ చూపించాడు. పేరు లాస్ట్ గ్రేవ్ ఎట్ డింబాజా. బంజరు నేలలో గెంటేసిన నల్లజాతి కుటుంబాల బతుకును దక్షిణాఫ్రికాలో దొంగచాటుగా చిత్రించి బయటికి తెచ్చిన సినిమా అది. దాన్ని చూసి లేచిన కార్మికులు తీర్మానం చేశారు. దక్షిణాఫ్రికా సరుకు మేం ముట్టుకోం. హోవర్డ్ కీలర్ అనే మరో కార్మికుడు దానికి ఒక సవరణ చెప్పాడు. ఎప్పుడో ఒకప్పుడు అని కాకుండా, రాబోయే నెడ్‌లాయిడ్ ఓడతోనే మొదలుపెడదాం అని. ఏకగ్రీవంగా ఆమోదించారు.

నవంబరు ఆఖరి వారంలో నెడ్‌లాయిడ్ కింబర్లీ అనే ఓడ 80వ నంబరు రేవుకట్టకు వచ్చి ఆగింది. కార్మికులు పైకెక్కారు. ఆస్ట్రేలియా సరుకు దించారు, మిగతా దేశాల సరుకూ దించారు. దక్షిణాఫ్రికా ఉక్కు, గాజు, మద్యం దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టుకుని కిందికి దిగిపోయారు. సంఘం పేరు మీద సమ్మె పిలుపు ఇవ్వలేదు. ఇస్తే ఒప్పందం ఉల్లంఘించినట్టయి భారీ జరిమానాలు పడతాయి. అందుకని ఎవరికి వారే, నా మనస్సాక్షి ఒప్పుకోదు అన్నారు. ఒక పూట మానేస్తే ఒక పూట కూలి పోతుంది. రోజూ కొత్త జట్టు వచ్చేది, రోజూ అదే జవాబు. రేవు గేటు బయట ఊరి జనం వందల్లో గుమిగూడారు. చర్చివాళ్లు, టీచర్లు, బర్క్‌లీ విద్యార్థులు వచ్చి నిలబడ్డారు. పదకొండు రోజులు ఆ సరుకు ఓడలోనే ఉండిపోయింది. చివరికి యజమానులు ఫెడరల్ కోర్టుకెక్కి ఉత్తర్వు తెచ్చారు. సంఘం నాయకులను జైలుకు పంపుతామని, జరిమానాలతో దివాలా తీయిస్తామని బెదిరింపు. డిసెంబరు 4న పని మొదలుపెట్టక తప్పలేదు.

ఓడిపోయినట్టే కదా అనుకోవచ్చు. ఆ పదకొండు రోజుల్లో గేటు దగ్గర కలుసుకున్న మనుషులు మళ్లీ విడిపోలేదు. బే ఏరియాలో తర్వాత నాలుగైదేళ్లు నడిచిన ఉద్యమం అక్కడ పుట్టింది. కొద్ది నెలలకే బర్క్‌లీ ప్రాంగణం విద్యార్థుల ధర్నాలతో నిండిపోయింది. 1986 జులైలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 310 కోట్ల డాలర్ల పెట్టుబడులను దక్షిణాఫ్రికాతో వ్యాపారం చేసే కంపెనీల నుంచి వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుంది. 1990 జూన్ 30న ఓక్లండ్ స్టేడియంలో జనసముద్రం ముందు నిలబడి, నాలుగు నెలల కిందటే జైలు నుంచి వచ్చిన మండేలా లోకల్ 10 కార్మికులను పేరుపెట్టి తలచుకున్నారు, కృతజ్ఞత చెప్పారు. ఆ మాట వినడానికి లియో రాబిన్సన్ బతికే ఉన్నాడు.

పెట్టుబడుల ఉపసంహరణ గురించి ఒక మాట. కాలేజీల్లో మొదటిది మసాచుసెట్స్‌లోని హాంప్‌షైర్ కాలేజి, 1977లో. న్యూయార్క్ కొలంబియాలో 1985 ఏప్రిల్‌లో విద్యార్థులు ఒక భవనం తలుపుకు గొలుసులు వేసి మెట్ల మీద మూడు వారాలు కూర్చున్నారు. ఇవి పేరుపడ్డ సంగతులు. పిల్లల చదువుల డబ్బు కంటే పెద్ద నిధి ఇంకొకటుంది, ప్రభుత్వోద్యోగుల పింఛను నిధి. పోస్ట్‌మన్, టీచరు, నర్సు, చెత్త ఎత్తే కార్మికుడు నెలనెలా దాచుకున్న సొమ్ము. అది పోయి ఏయే కంపెనీల వాటాల్లో కూర్చుంటుందో దాచుకున్నవాడికే తెలియదు. మసాచుసెట్స్‌లో మెల్ కింగ్ అనే నల్లజాతి శాసనసభ్యుడు, జాక్ బ్యాక్‌మన్ అనే సెనేటరు ఊరూరా తిరిగి, ఉద్యోగ సంఘాలను, చర్చిలను కూడగట్టి దీని మీద చట్టం తెచ్చారు. గవర్నరు వీటో చేశాడు. 1983 జనవరిలో శాసనసభ ఆ వీటోనూ తోసేసి చట్టం చేసింది. నెబ్రాస్కాలో ఎర్నీ ఛేంబర్స్ కథ ఇంకా ఆశ్చర్యం. మొక్కజొన్న, గొడ్లు తప్ప ప్రపంచ రాజకీయాలు పట్టని రాష్ట్రమని దానికి పేరు. నల్లవాళ్లు బహుకొద్ది మంది. ఒమాహాలో బార్బరు షాపులో పనిచేస్తూ సెనేటరైన ఛేంబర్స్ 1980లో తీర్మానం, 1984లో చట్టం నెగ్గించాడు. ఇలా ఎనభైల చివరికి అమెరికాలో తొంభైకి పైగా నగరాలు, ఇరవైకి పైగా రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో తమ డబ్బును వర్ణవివక్ష నుంచి దూరం చేసుకున్నాయి.

దీనికి ఎదురు వాదన కూడా చెప్పాలి. ఫిలడెల్ఫియా పాస్టరు లియాన్ సల్లివన్ చెడ్డవాడు కాడు, నల్లవాళ్ల ఉద్యోగాల కోసం జీవితమంతా పనిచేసినవాడు. జనరల్ మోటార్స్ డైరెక్టర్ల బోర్డులో కూర్చున్నాడు. కంపెనీలు అక్కడే ఉండి, నల్లవాళ్లకు సమాన జీతం, సమాన గౌరవం ఇస్తే వర్ణవివక్ష లోపలి నుంచే కరుగుతుందన్నాడు. 1977లో ఆయన పెట్టిన సూత్రాల మీద పెద్ద పెద్ద కంపెనీలు సంతకాలు చేశాయి. రేగన్ ప్రభుత్వం కూడా మంచిగా మాట్లాడి మార్చుకుందాం అన్న ధోరణిలోనే నడిచింది. పదేళ్లు చూశాక, 1987లో సల్లివన్ తానే ముందుకొచ్చి, ఇది పనిచేయలేదు, కంపెనీలు బయటికి రావాలి అని ప్రకటించాడు. ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆయనను నేను గౌరవిస్తాను. కారొలైన్ హంటర్ మాత్రం ఆ సంగతి 1971లోనే చెప్పింది.

పోలరాయిడ్ ప్రయోగం ఎలా ముగిసిందో ఇప్పుడు చెబుతాను. జోహానెస్‌బర్గ్‌లో ఆ కంపెనీ సరుకు అమ్మే సంస్థలో పనిచేసిన ఒక భారత సంతతి ఉద్యోగి, ఇంటిపేరు నాయుడు, లోపలి కాగితాలు బయటపెట్టాడు. ప్రభుత్వానికి అమ్మం అని మాట ఇచ్చిన ఫిల్ము ప్రభుత్వానికే చేరుతోంది. బిల్లు మాత్రం ఒక మందుల దుకాణం పేరు మీద వేస్తున్నారు. ఆ కాగితం అమెరికన్ కమిటీ ఆన్ ఆఫ్రికాకు చేరింది, అక్కడి నుంచి బోస్టన్ గ్లోబ్ పత్రికకు. 1977 నవంబరులో వార్త అచ్చయింది. పోలరాయిడ్ వెంటనే దక్షిణాఫ్రికాతో తెగతెంపులు చేసుకుంది. అక్కడ ఒక గుమాస్తా ప్రాణం పణంగా పెట్టి తీసిన నకలు, ఇక్కడ ఒక కెమిస్టు ఉద్యోగం పణంగా పెట్టి నడిపిన ప్రచారం. రెండూ కలవకపోతే ఈ పని జరిగేది కాదు.

బ్యాంకుల విషయంలో ఇంకా ఓపిక పట్టాల్సి వచ్చింది. 1965 మార్చిలోనే వాల్ స్ట్రీట్‌లో చేజ్ మన్‌హాటన్ బ్యాంకు ముందు విద్యార్థులు బైఠాయించి అరెస్టయ్యారు. మరుసటి ఏడాది కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ ఆధ్వర్యంలో, దక్షిణాఫ్రికాకు అప్పులిచ్చే బ్యాంకుల నుంచి ఖాతాలు తీసేయండి అని ప్రచారం మొదలైంది. ఒక చర్చి ఖాతా, ఒక సంఘం ఖాతా, ఒక ముసలావిడ పొదుపు ఖాతా. ఇరవై ఏళ్లు ఇలా సాగింది. 1985 జులైలో దక్షిణాఫ్రికా అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు అదే చేజ్ బ్యాంకు, ఇకమీదట అప్పు పొడిగించం అంది. మిగతా బ్యాంకులూ అదే దారి పట్టాయి. దక్షిణాఫ్రికా కరెన్సీ రాండ్ విలువ కుప్పకూలింది. సెప్టెంబరుకల్లా అక్కడి ప్రభుత్వం విదేశీ అప్పుల చెల్లింపు నిలిపేసింది. ఇందులో దక్షిణాఫ్రికా బస్తీల తిరుగుబాటు పాత్రే ప్రధానం. కాని ఆ బ్యాంకు యజమానులకు సొంత దేశంలో పరువు సమస్య ముందే తెచ్చిపెట్టినవాళ్లు వీళ్లు.

1984 నవంబరు 21న, శాన్ ఫ్రాన్సిస్కో రేవులో ఓడ ఆగడానికి రెండు మూడు రోజుల ముందు, వాషింగ్టన్‌లో దక్షిణాఫ్రికా రాయబారిని కలవడానికి నలుగురు నల్లజాతి నాయకులు వెళ్లారు. రాండల్ రాబిన్సన్, మేరీ ఫ్రాన్సెస్ బెర్రీ, వాల్టర్ ఫాంట్రాయ్, ఎలినార్ హోమ్స్ నార్టన్. మాటలయ్యాక నార్టన్ బయటికి వచ్చి విలేకరులకు విషయం చెప్పింది. మిగతా ముగ్గురూ కుర్చీల్లోంచి లేవలేదు. అరెస్టు చేశారు. ఆ తర్వాత ఏడాదికి పైగా ఆ రాయబార కార్యాలయం ముందు ప్రతి పనిరోజూ కొందరు వచ్చి అరెస్టవడం ఒక నియమంగా సాగింది. రోసా పార్క్స్ వచ్చారు, స్టీవీ వండర్ వచ్చాడు, టెన్నిస్ ఆటగాడు ఆర్థర్ ఆష్ వచ్చాడు. పేరు లేనివాళ్లు వేలల్లో వచ్చారు.

ఓక్లండ్ ప్రతినిధి రాన్ డెలమ్స్ కాంగ్రెస్‌లో మొదటి ఆంక్షల బిల్లు పెట్టింది 1972లో. పోలరాయిడ్ ఉద్యోగులు తన ఆఫీసుకొచ్చి చేసిన విన్నపం దానికి ప్రేరణ అని ఆయనే చెప్పుకున్నారు. ఆ బిల్లును అప్పుడు పట్టించుకున్నవాళ్లు లేరు. పద్నాలుగేళ్లకు, 1986లో, సమగ్ర వర్ణవివక్ష వ్యతిరేక చట్టం ఉభయ సభల్లోనూ నెగ్గింది. రేగన్ వీటో చేశాడు. ప్రతినిధుల సభ 313–83 తేడాతో, సెనేట్ 78–21 తేడాతో ఆ వీటోను తిప్పికొట్టాయి. అధ్యక్షుడి సొంత పార్టీవాళ్లు కూడా ఆయనకు వ్యతిరేకంగా ఓటేశారు. వాళ్ల నియోజకవర్గాల్లో నగర సభలు, చర్చిలు, కాలేజీలు అప్పటికే తీర్పు చెప్పేశాయి మరి.

రెడ్డిగారు 1985లో ఐక్యరాజ్యసమితి నుంచి రిటైరయ్యారు, సహాయ ప్రధాన కార్యదర్శి హోదాలో. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలు ఈ చరిత్రకు సంబంధించిన ఉత్తరాలు, ప్రసంగాలు, కాగితాలు పోగుచేసి విశ్వవిద్యాలయాలకు ఇవ్వడంలోనే గడిపారు. 2013లో దక్షిణాఫ్రికా ఆయనకు ఒలివర్ టాంబో పేరిట ఉన్న పురస్కారం ఇచ్చింది. 2020 నవంబరు 1న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. జోహానెస్‌బర్గ్‌లో ఆయనకు నివాళులు అర్పించిన స్థాయిలో నెల్లూరులో, హైదరాబాదులో మనం తలచుకోలేదు. అమెరికాలో ఇన్ని లక్షల తెలుగు కుటుంబాలున్నాయి, మన సంస్థల సభల్లో ఇంతమంది ఫొటోలు పెడతాం. మన పిల్లలకు ఈయన పేరు చెప్పాలి. హార్లెమ్ చర్చికి తిండి డబ్బా పట్టుకొచ్చిన తల్లి గురించి, కూలి పోగొట్టుకున్న రేవు కార్మికుడి గురించి కూడా అదే ఊపులో చెప్పాలి. ఆయన పనిచేసింది వాళ్లతోనే.

1993 సెప్టెంబరు 24న మండేలా ఐక్యరాజ్యసమితికి వచ్చి, ఎన్నికల దారి ఖాయమైంది, ఇక ఆర్థిక ఆంక్షలు ఎత్తేయండి అని కోరారు. వాషింగ్టన్ ఎత్తేసింది సరే, ఊరూరా చేసుకున్న కట్టుబాట్లను ఎవరు ఎత్తేయాలి? ఏ నగరానికి ఆ నగరం మళ్లీ సభ కూడి, తాము చేసిన నిబంధనను తామే ఓటేసి రద్దు చేసుకోవాల్సి వచ్చింది. చాలా ఊళ్లలో ఆ పని చేయించింది కూడా దాన్ని మొదట తెప్పించిన ఆ పాత కమిటీల వాళ్లే.